బ్రహ్మదేవుడికి కూడా దొరకని తాళంచెవి

మూడు జిల్లాల వడ్లకు నేను తాళం వేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. వీటిలో ఏ కొనుగోలు కేంద్రంలో ఒక్క బస్తా కాంటా ఎక్కినా, నా అనుమతి లేనిదే చిట్టీ బయటికి వచ్చేది కాదు. అధికారులు మారారు, మిల్లర్లు మారారు, నా తాళం మాత్రం మారలేదు.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న పిల్లలారా, పై మాటలు నమ్మకండి. చిట్టీలు కొట్టే ఆ మిషిన్‌ను చాలామందిమి కలిసి తయారు చేశాం. నేను రాసింది అందులో ఒక మూల ముక్క. ముందు గొప్పగా చెప్పేసి, తర్వాత నాలుక కరుచుకోవడం నాకు చిన్నప్పటి జబ్బు. మా ఇంట్లో వాళ్లు నేను ఏం చెప్పినా సగానికి కోసుకుని వింటారు. బయటివాళ్లకు ఆ సంగతి తెలియదు కదా. ఒకసారి నేను నాలుక కరుచుకునే లోపే నా మాట వెళ్లి ఒక ఆడమనిషి మెడకు చుట్టుకుంది. ఇది ఆ కథ.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. మా మిషిన్ అరచేతికన్నా కొంచెం పెద్దది. కాంటాకు తగిలిస్తే తూకం తానే చదువుకుని, రైతు పేరు, బస్తాలు, తేమ అన్నీ వేసి చిట్టీ ముద్రిస్తుంది. చిట్టీ మీద అంకెలతో ఒక ముద్ర పడుతుంది. ఆ ముద్ర చూసి సర్వర్ ‘ఇది ఫలానా సెంటర్ మిషిన్ కొట్టిందే’ అని ఒప్పుకుంటుంది. ముద్ర వేయడానికి కావలసిన రహస్యపు అంకెను తాళంచెవి అంటాం. ఒక్కో మిషిన్‌కు ఒక్కో తాళంచెవి. అది పరాయివాడికి చిక్కిందంటే, వాడు తన ఇంట్లో కూర్చుని ఆ సెంటర్ పేరు మీద లేని వడ్లకు చిట్టీలు పుట్టించి సర్కారు డబ్బు కొట్టేయవచ్చు.

అందుకని దాన్ని మామూలు ప్రోగ్రాముల చేతికి ఇవ్వం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపలి గది ఒకటి ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. బయటి ప్రోగ్రాములు ఆ గడప దాటలేవు. చిట్టీ కొట్టినప్పుడల్లా తాళంచెవిని ఆ గదిలోనే బయటికి తీసి, ముద్ర వేసి, వాడిన చోటును శుభ్రంగా తుడిచేయాలి. ఆ తీసేది, తుడిచేది నేను రాసిన ముక్క. అంతే నా ఘనకార్యం.

మిషిన్లు ఊళ్లకు వెళ్లే ముందు జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో శిక్షణ పెట్టారు. మూడు జిల్లాల నుంచి సెంటర్లు నడిపే మహిళా సంఘాల వాళ్లు వచ్చారు. కంపెనీ నుంచి నన్ను పంపారు. మాది జనగామ పక్కనే, చిల్పూర్ దగ్గర. హైదరాబాద్ మీటింగుల్లో నేను నోరు తెరిచి ‘గిట్ల చేస్తే’ అనగానే మా పెద్దసారు టేబుల్ కింద చూపు దాచుకుని నవ్వేవాడు. ఏళ్ల తరబడి నేను అక్కడ సినిమాల్లో మాట్లాడినట్టు మాట్లాడాను. జనగామలో మైకు చేతికొచ్చి, ఎదురుగా మా అక్కల్లాంటి వాళ్లు, మా అవ్వల్లాంటి వాళ్లు కూర్చుంటే నాకు ఎక్కడలేని ఊపు వచ్చింది. మా మాటలో మాట్లాడుతుంటే అందరూ తలలూపుతున్నారు.

మధ్య వరసలోంచి ఒకామె లేచింది. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వచ్చింది. తమ సంఘంలో సెంటర్ బాధ్యత ఆమెదే. పక్కనున్న ఆమెతో వాళ్ల భాషలో ఏదో అని, నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

“సారూ, గా తాళంచెవి ఎవలన్న ఎత్కపోతే ఎట్ల? మా పేరు మీద చిట్టీలు కొడితే మేం పరేషాన్ గామా?”

ఆ రోజు హాల్లో అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే. దానికి నేను ఇచ్చిన జవాబు ఇది.

“అక్కా, గా తాళంచెవి నీకు దొరకది. నాకు దొరకది. తయారు చేసిన నాకే దొరకదంటే ఇంకెవలికి దొరుకుతది? బ్రహ్మదేవుడు దిగొచ్చి మిషిన్ ఇప్పినా దొరకది. చిట్టీ మీద ముద్ర ఉన్నదంటే, మిషిన్ పట్టుకున్న మనిషే కొట్టినట్టు. అంతే!”

హాలు చప్పట్లతో మోగింది. ఆమె మాత్రం చప్పట్లు కొట్టలేదు. “మరి గంత గట్టిదైతే మంచిదే” అంటూ కూర్చుంది. వెనక ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. నేను చూసి, ఆ వైపుకు కొంచెం తిరిగి నిలబడ్డాను కూడా.

మిషిన్లు ఊళ్లకు వెళ్లిన మొదటి ఎండాకాలమే కష్టాలు మొదలయ్యాయి. వేడికి, దుమ్ముకు అవి నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోయేవి. మూడు జిల్లాలకూ కలిపి మాకొక సర్వీసు మనిషి ఉండేవాడు. నా ఈడువాడే, జనగామవాడే. మోటార్‌సైకిల్ మీద తిరిగీ తిరిగీ నడుము పోగొట్టుకున్నాడు. ఒకరోజు ఘనపూర్ నుంచి ఫోన్ చేశాడు. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటాం.

“అన్నా, పొద్దుగాల భూపాలపల్లి, పగటీలి మానుకోట. గిది నౌకరేనా, యాత్రనా? మిషిన్ ఆగిందంటే అది పట్కొని హైదరాబాద్ రావాల్నంటున్రు. ఎందుకాగిందో అదే జర చెప్పేటట్టు చెయ్యరాదే?”

చేయవచ్చు. మిషిన్ కూలిపోయే క్షణంలో కెర్నల్‌లో ఉన్నదంతా మెమరీ కార్డు మీదికి కక్కేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. తయారీలో ఉన్నప్పుడు మేం దాన్ని వాడుకుని, మిషిన్లు బయటికి పంపేటప్పుడు ఆపేస్తాం. దాన్ని మళ్లీ నడిపిస్తే, అతను కార్డు తీసి ఆ ఫైలు మాకు పంపితే చాలు, తిరగక్కర్లేదు. స్నేహితుడి నడుము మీద జాలితో నేను దాన్ని నడిపించాను.

జాలి సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, కంపెనీ అంతటిలో ‘అన్నా, నీతోనే అయితది’ అని నన్ను అడిగేవాడు అతనొక్కడే. ఆ మాట వినడం నాకు ఇష్టం.

అప్పుడు నా పక్క సీట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. నాకన్నా చాలా చిన్నది, పనిలో నాకన్నా చురుకు. నేను చేసిన మార్పు చూసి కుర్చీ నా వైపు తిప్పింది.

“సార్, కెర్నల్ మొత్తం కార్డు మీదికి వస్తే అందులో తాళంచెవి కూడా వచ్చేస్తుంది కదండీ?”

“రాదమ్మా. వాడంగనే తుడిచేస్తున్న. లైను చూడు, గదిగో.”

“లైను చూశానండీ. కానీ అది మిషిన్‌లోకి వెళ్తోందా అని.”

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, కథ మొత్తం దీని మీదే నిలబడింది. మనం రాసింది మిషిన్‌కు నేరుగా అర్థం కాదు. దాన్ని మిషిన్ భాషలోకి మార్చే కంపైలర్ ఒకటి మధ్యలో ఉంటుంది. అది మహా పొదుపరి. మనం పలక మీద లెక్క చేసి, చివర ‘పలక తుడువు’ అని రాశామనుకోండి. అది ముందూ వెనకా చూసి, ‘ఈ పలకను ఇక ఎవరూ చదవరు కదా, తుడవడం దండగ’ అనుకుని, ఆ లైను తీసిపారేస్తుంది. మనకు చెప్పదు. మన కాగితం మీద తుడిచినట్టే ఉంటుంది, లోపల పలక మీద అంకెలు అలాగే ఉంటాయి. అలా తీసేయకుండా గట్టిగా తుడిపించే పద్ధతి వేరే ఉంది. ఆ అమ్మాయి అడిగింది అదే.

“నువ్వు పుట్టకముందు నుంచి తుడుస్తున్న నేను” అన్నాను. ఆమె కుర్చీ మళ్లీ అటు తిప్పుకుంది.

ఇక మా సర్వీసు మనిషి పద్ధతి. అడవి దాపున సిగ్నల్ దొరకడమే గగనం. ఒక్కొక్కరికీ విడివిడిగా పంపలేక, మిషిన్ ఆగినప్పుడల్లా కార్డులోని ఫైలు తీసి మూడు జిల్లాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసేవాడు. ఆ గ్రూపులో మేమున్నాం, సెంటర్ల వాళ్లున్నారు, లారీలు పురమాయించే వాళ్లున్నారు, పని మానేసి పోయినవాళ్లు కూడా ఉన్నారు. ఎవరినైనా తీసేస్తే బాధపడతారని ఎవరినీ తీసేవాళ్లం కాదు. మా దగ్గర పెళ్లి పిలుపులు, పుట్టినరోజు పూలు, మిషిన్ల కడుపులో రహస్యాలు అన్నీ ఒకే గ్రూపులో తిరిగేవి. నేను రోజూ చూశాను. ఒకసారి బొటనవేలు గుర్తు కూడా పెట్టాను.

రెండో పంటకు గండం వచ్చింది. నర్సింహులపేట దగ్గరి ఆ తండా సెంటర్ నుంచి రావలసిన దానికన్నా మిల్లుకు తక్కువ వడ్లు చేరాయి. విప్పి చూస్తే, ఎవరూ ఎరగని పేర్ల మీద కొన్ని చిట్టీలున్నాయి. అన్నీ ఒకే రోజువి. అవి ఆలస్యంగా సర్వర్‌కు చేరాయి కానీ దానికి ఎవరూ అనుమానపడలేదు, సిగ్నల్ లేని చోట చిట్టీలు పోగుపడి ఆలస్యంగా రావడం మామూలే. ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి. సెంటర్ నడిపే ఆమెను పిలిచి అడిగితే, ‘ఆ రోజు వాన. కాంటా టార్పాలిన్ పరదా కింద ఉన్నది, తూకమే వెయ్యలె. హమాలీలను అడుగుండ్రి’ అందట. హమాలీలు తండావాళ్లే కాబట్టి వాళ్ల మాట చెల్లలేదు.

మా కంపెనీని అడిగితే పెద్దసారు రెండు ముక్కల్లో జవాబు రాశాడు. ముద్ర సరైనది, మిషిన్‌లో లోపం లేదు. జతగా ఎవరో జనగామ వీడియో కూడా పంపారు.

సర్వీసు మనిషి ఫోన్ చేశాడు. ఈసారి నవ్వు లేదు.

“అన్నా, నీ బ్రహ్మదేవుడి ముచ్చట గామె మెడకు పడ్డదే. పోలీసు కేసు పెడ్తమంటున్రు. గామె ఒకటే మాట అంటున్నది. ‘గా సారునే అడుగుండ్రి’ అని.”

ఆ చిక్కును నేనే విప్పాను. ఒక్క పూట కూర్చుని, ఎక్కడ జారిందో పట్టుకున్నాను.

లేదు. నేను పూటంతా సర్వర్ వైపే వెతికాను. తప్పు ఎక్కడైనా ఉండొచ్చు, నా లైనులో తప్ప. ఆ అమ్మాయి నన్నేమీ అడగకుండా, గ్రూపులోంచి ఆ తండా మిషిన్ ఫైలు దించుకుంది. కాసేపటికి కుర్చీ నా వైపు తిప్పింది. తెర మీద అంకెల వరస ఉంది.

“ఇదే కదండీ దాని తాళంచెవి?”

అదే. నా టీ ఇంకా వేడిగానే ఉంది. అంత తేలిగ్గా దొరికింది.

“నాకు దొరికిందంటే గ్రూపులో ఉన్న ఎవరికైనా దొరుకుతుంది సార్. కొంచెం తెలిసినవాడైతే చాలు.”

ఆమె ‘నేను ముందే చెప్పాను’ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం కోపం తెచ్చుకునే వీలుండేది.

మేం మిషిన్లు సరిచేశాం. తుడిచే లైనును కంపైలర్ తీసేయడానికి వీల్లేని పద్ధతిలో రాశాం. కక్కే ఏర్పాటు ఆపేశాం. తాళంచెవులన్నీ మార్చాం. గ్రూపు మూసేశాం. పెద్దసారు దీన్ని కొత్త భద్రతా సదుపాయమని చెప్పుకున్నాడు. సర్వీసు మనిషిని మాత్రం ‘ఫైళ్లు బయట పెట్టాడు’ అని తీసేశారు. నేను వెళ్లి, అది నడిపించింది నేను అని చెప్పాను. ‘మీరు సీనియర్ కదా’ అన్నాడు పెద్దసారు. అది జవాబో, శిక్షో నాకు తెలియలేదు.

మిగిలింది తండా సెంటర్ ఆమె. మహబూబాబాద్‌లో విచారణ పెట్టారు. పెద్దసారు ముందురోజే నన్ను పిలిచి, ‘తాళంచెవి బయటికి చిక్కే అవకాశం సిద్ధాంతపరంగా ఉంది అని ఒక్క మాట చెప్పి వచ్చెయ్’ అన్నాడు. సరేనన్నాను. ఆ అమ్మాయి తన లాప్‌టాప్ తీసుకుని నాతో వచ్చింది.

విచారణ గదిలో నేను గర్జించాను. టేబుల్ మీద గుద్ది, ఈ తల్లి నిర్దోషి అన్నాను. గది గదంతా లేచి నిలబడింది.

ఎవరూ లేవలేదు. నీళ్లు అడిగి తాగాను. కానీ పెద్దసారు చెప్పమన్న మాట మాత్రం చెప్పలేదు. ఆ ఫైలు తెరిచి, అప్పటి తాళంచెవి బయటికి తీసి, అదే తండా సెంటర్ పేరు మీద ఆ గదిలోనే ఒక దొంగ చిట్టీకి ముద్ర వేసి చూపించాం. విచారణాధికారి కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. మంచి మనిషే, మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు. గోడ వారన బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. నేను చూపించింది ఆమెకు అర్థమైంది. ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

“అంటే మిషిన్ బయట కూడా ముద్ర వెయ్యొచ్చు. బాగుంది. ఇప్పుడు సూటిగా చెప్పండి. ఆ చిట్టీలు ఈమె కొట్టిందా, లేదా?” అన్నాడు అధికారి.

“చెప్పలేం సార్. ఈ తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉండొచ్చు.”

“ఈమె దగ్గర కూడా?”

“మిషినే ఆమె దగ్గర ఉంది సార్.”

“అంటే ఈమె కొట్టి కూడా ఉండొచ్చు.”

నేను చుట్టూ చూశాను. ఆమె నన్నే చూస్తోంది. ఆమె కొట్టలేదని నా ప్రాణం చెబుతోంది. కానీ ముద్ర ఎవరు వేశారో ముద్రలో ఉండదు. వాడిన తాళంచెవి ఒకటే అయినప్పుడు ఆ చెయ్యికీ, ఈ చెయ్యికీ తేడా ఏ శాస్త్రమూ చెప్పలేదు. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి, తెలిసినంతవరకే చెప్పాను.

“ఉండొచ్చు సార్.”

ఆమె చూపు తిప్పుకుంది.

అధికారి ఫోన్ తీసి వీడియో పెట్టాడు. అందులో నేను కెమెరా వైపు కొంచెం తిరిగి నిలబడి, బ్రహ్మదేవుణ్ని కిందికి దించుతున్నాను. చప్పట్లు వినిపించాయి.

“ఇది మీరేనా?”

“నేనే.”

“ఏది అబద్ధం? అదా, ఇదా?”

“అదే సార్.”

“అంతమంది ముందు నవ్వుతూ చెప్పిన మాట అబద్ధం. ఇక్కడ చెమటలు కక్కుతూ చెప్పింది నిజం. ఎట్ల నమ్మాలయ్యా?” అన్నాడు. అందులో ఎకసక్కెం లేదు. నిజంగానే అడిగాడు.

కేసు పెట్టలేదు. ‘బాధ్యులెవరో తేల్చలేకపోయాం’ అని ముగించారు. తేలలేదు కాబట్టి నేరం లేదు. తేలలేదు కాబట్టి సెంటర్ కూడా లేదు. ఆ బాధ్యత వేరేవాళ్లకు ఇచ్చారు. సంఘంలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు తగ్గిపోయారట. ‘మిషిన్ చెడిపోయిందని చెప్పి తప్పించుకున్నది’ అన్న మాట ఒకటి తండాలో స్థిరపడిపోయింది. అసలు దొంగ ఎవరో ఇప్పటికీ తెలియదు. చిట్టీల డబ్బు పడిన ఖాతాలూ దొంగ పేర్ల మీదివే. గ్రూపులో ఉన్నవాడే అయ్యుంటాడు. నా బొటనవేలు గుర్తుకు పక్కనే వాడిదీ ఉండి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో మా బండి జనగామలోకి వచ్చింది. ఆ అమ్మాయి అంది.

“ఆమె కాదు అని ఒక్క మాట చెప్పాల్సింది సార్.”

“తెలవని మాట ఎట్ల చెప్తనమ్మా?”

“ఇక్కడ చెప్పారుగా” అంది, కిటికీలోంచి ఫంక్షన్ హాలు వైపు చూస్తూ.

పిల్లలారా, తాళంచెవి విషయంలో నేను మీకు చెప్పగలిగినవి మామూలు సంగతులే. తుడిచాననుకోకండి, తుడిచిందో లేదో లోపలికి వెళ్లి చూడండి. కూలిపోయే మిషిన్ ఏం కక్కుతుందో ముందు మీరే చదవండి. పక్క సీటు కుర్చీ మీ వైపు తిరిగితే మీరూ తిరగండి. ఇవన్నీ మీకు ఎవరైనా నేర్పుతారు. ‘ఇది ఇంతవరకే గట్టిది, ఇక్కడి నుంచి నాకు తెలియదు’ అని మైకులో చెప్పడం మాత్రం ఏ శిక్షణలోనూ ఉండదు. చెప్తే చప్పట్లు రావు.

నేను రిటైరయ్యాక, ఈమధ్య కోతల కాలంలో మా సర్వీసు మనిషితో కలిసి నర్సింహులపేట వైపు వెళ్లాను. అతనిప్పుడు జనగామలో ఫ్యాన్లు, మిక్సీలు బాగు చేస్తాడు. నన్ను ఏమీ అనడు, అదే నాకు కష్టం. సెంటర్ దగ్గర బండి ఆపాడు. రాశుల వారన, తన వడ్ల పక్కన, అప్పట్లో ఈ సెంటర్ నడిపిన ఆమె కూర్చుని ఉంది, కాంటా కోసం వంతు చూస్తూ. నన్ను గుర్తుపట్టింది.

“సారువా? మంచిగున్నవా?”

“మంచిగనే ఉన్న అక్కా.”

కాంటా దగ్గర వేరే ఒకామె మిషిన్ పట్టుకుని చిట్టీలు కొడుతోంది. మేం సరిచేసిన మిషినే. వడ్ల పక్కనున్న ఆమె దాని వైపు గడ్డం ఎత్తి చూపించింది.

“ఇప్పుడన్న గట్టిదేనా సారూ, గా తాళం?”

నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని నేనే సరిచేశానని, ఇక ఎవడి తరమూ కాదని.

“తెల్వదక్కా. మునుపటికంటె నయం. గంతవరకే తెలుసు.”

ఆమె నా ముఖం చూసింది. కోపం లేదు. కోపమైతే బాగుండేది.

“గీ మాటనే గప్పుడు జనగామల చెప్పకపోతివి” అంది.

అంతలో కాంటా దగ్గర నుంచి కేకేశారు. వంతు వచ్చింది. ఆమె లేచి, చీర కొంగు నడుముకు దోపుకుని, బస్తాల కింద పరిచిన పరదా అంచు పట్టుకుంది. నేను దాని మీద నిలబడి ఉన్నాను.

“జర జరుగు సారూ, బస్తాలు లేపాలె.”

జరిగాను.